చెరువు గట్టున ఈ-పేపరు తెర: ఆగిపోయాక కూడా అంకె చూపిస్తుంది, జాగ్రత్త

కొత్తపట్నం వైపు మీ రొయ్యల చెరువు కాపలా గుడిసెలో పెట్టడానికి 4.2 అంగుళాల ఈ-పేపరు తెర, వైఫై ఉన్న చిన్న చిప్‌తో వచ్చే మామూలు ఈఎస్‌పీ32 బోర్డు, 2600 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్లు ఒకటి కలిపి పరికరం తయారు చేశానని రాశారు. పది నిమిషాలకు ఒకసారి అది నిద్ర లేచి, ఏరియేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) ప్యానెల్ దగ్గరున్న కొలిచే పెట్టె నుంచి వైఫై ద్వారా డీఓ (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్), నీటి ఉష్ణోగ్రత తెచ్చుకుని చూపించాలి. ఒక పంట కాలమంతా బ్యాటరీ మార్చే పని లేకుండా నడవాలి. కానీ ఆరు రోజులకే ఆగిపోతోంది. ఆగిపోయిన రోజు సెల్లును కొలిస్తే 3.8 వోల్టులు ఉంది. తెర మీద మాత్రం అంకెలు చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి. ఇదీ మీ ప్రశ్న.

బ్యాటరీ సంగతి తేలికే, దానికి జవాబు కింద చెబుతాను. నన్ను కలవరపెట్టింది మీరు మామూలుగా రాసేసిన ఆ చివరి మాట. పరికరం ఆగిపోయింది, అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి. ముందు దాని గురించే మాట్లాడుకోవాలి.

నేను కావలిలో ఇరవై ఏళ్లుగా ఎలక్ట్రానిక్ కాటాలు బాగు చేస్తున్నాను. రొయ్యలు కొనేవారి కాటాలు, పొగాకు తూకం కాటాలు, బియ్యం మిల్లుల కాటాలు, అన్నిటికీ తెరలు ఉంటాయి, అన్నీ ఏదో ఒక రోజు నా బల్ల మీదకు వస్తాయి. సాయంత్రాలు నా సరదా కోసం తక్కువ కరెంటుతో నడిచే తెరలు కడుతుంటాను. అలా కట్టిన మొదటి ఈ-పేపరు తెరను అల్లూరు దగ్గర మా బావమరిది చెరువు మీద పెట్టాను. ఒక రోజు సాయంత్రం నాలుగు గంటల వేళ దాని బ్యాటరీ అయిపోయింది. అప్పటికి తెర మీద ఉన్న డీఓ 6.1. ఎండలో నీటి నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది కాబట్టి సాయంత్రానికి డీఓ బాగానే ఉంటుంది. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, రొయ్యలూ పీల్చుకుంటాయి, అడుగున ఉన్న మడ్డి కుళ్లడానికీ అదే కావాలి. తెల్లవారుజాముకు డీఓ అట్టడుగుకు చేరుతుంది. కాపలా మనిషి మూడు గంటలకు టార్చి వేసి చూశాడు. 6.1 ఉంది. నిశ్చింతగా పడుకున్నాడు. నాలుగున్నరకు పక్క చెరువు వాళ్లు కేకలు వేస్తే లేచి చూసేసరికి రొయ్యలు పైకి తేలి గట్టు వెంట చేరుతున్నాయి. ఏరియేటర్లన్నీ వేసి చాలా వరకు కాపాడుకున్నారు, కొన్ని పోయాయి. తెర అక్కడ లేకపోతే ఆ మనిషి గట్టు మీద ఒకసారి తిరిగి వచ్చేవాడు. నేను పెట్టిన తెర అతనికి ఆ అవసరం లేదని చెప్పింది.

ఎందుకిలా జరుగుతుందో చూడండి. ఈ-పేపరులో వెంట్రుక మందం ఉండే బుడగలు లక్షల సంఖ్యలో ఉంటాయి. వాటిలోని నూనెలాంటి ద్రవంలో తెల్లని, నల్లని రేణువులు ఉంటాయి, వాటికి వ్యతిరేక విద్యుదావేశాలు. బోర్డులోని చిన్న సర్క్యూటు 15 వోల్టుల చుట్టుపక్కల వోల్టేజీని తయారు చేసి, ఏ చుక్క దగ్గర ఏ రంగు పైకి రావాలో ఆ రంగును లాగుతుంది. ఆ తర్వాత కరెంటు తీసేసినా రేణువులు ఎక్కడివి అక్కడే ఉండిపోతాయి. మన మార్కాపురం పలక లాంటిదే. బలపంతో రాసింది మళ్లీ ఎవరో తుడిచేదాకా ఉంటుంది. దాని గొప్పతనం అదే, ప్రమాదమూ అదే. నిన్నటి లెక్క పలక మీద అలాగే ఉన్నంత మాత్రాన పిల్లవాడు ఈ రోజు బడికి వచ్చినట్టు కాదు.

అందుకని మీ తెరలో ఈ మార్పులు ఈ వారమే చేయండి, బ్యాటరీ సంగతి ఆ తర్వాత. డీఓ అంకె ఎంత పెద్దదిగా ఉందో, దాన్ని కొలిచిన సమయమూ దాదాపు అంత పెద్దదిగా పక్కనే ఉండాలి. మూలన చిన్న అక్షరాలతో వేస్తే రాత్రిపూట ఎవరూ చూడరు. ఆ సమయాన్ని ఈఎస్‌పీ32 లోపలి గడియారం నుంచి తీసుకోవద్దు. గాఢ నిద్రలో అది నడిచే తీరు వేడికి మారుతుంది, రోజుకు నిమిషాల లెక్కన తప్పుతుంది. కొలిచే పెట్టె పంపే ప్రతి రీడింగుతో పాటు సమయం కూడా పంపేలా చేయండి. రెండుసార్లు వరుసగా జవాబు రాకపోతే తెర మీది అంకెను పూర్తిగా చెరిపి, దాని స్థానంలో రెండు గీతలు పెట్టి, “సమాచారం అందలేదు, గట్టు మీదకు వెళ్లి చూడండి” అని రాయించండి. లైను కరెంటు పోయి వైఫై రౌటర్ ఆగినప్పుడు కూడా ఇదే పని చేస్తుంది, నిజానికి ఏరియేటర్లు ఆగేదీ అప్పుడే. బ్యాటరీ ఒక గీత దాటి పడిపోగానే, చివరి శక్తితో “బ్యాటరీ అయిపోయింది” అనే తెర గీసి, ఆ తర్వాత మళ్లీ లేవకుండా శాశ్వతంగా నిద్రపోవాలి. బొమ్మ నిలిచిపోయే గుణం ఇక్కడ మనకు మేలు చేస్తుంది, ఆ హెచ్చరిక నెల రోజులైనా అలాగే ఉంటుంది.

ఇవన్నీ చేసినా ప్రోగ్రాము ఎక్కడో బిగుసుకుపోతే పాత అంకె మిగులుతుంది. అందుకే అలారం పని ఈ తెరకు అప్పగించవద్దు. డీఓ 4 పీపీఎం కిందికి దిగితే మోగే సైరన్ ప్యానెల్ దగ్గరే, దాని సొంత బ్యాటరీతో, విడిగా ఉండాలి. తెర చూసుకోవడానికి, సైరన్ లేపడానికి. మీ నాన్నగారికీ కాపలా వాళ్లకూ ఈ తేడా మీరే కూర్చోబెట్టి చెప్పండి.

ఇక బ్యాటరీ. ఫొటోలో సెల్లు తీగ బోర్డు మీది 5 వోల్టుల పిన్నుకు వెళ్తోంది. ఆ పిన్ను వెనక వోల్టేజీని తగ్గించి నిలకడగా ఇచ్చే 1117 రకం రెగ్యులేటర్ ఉంది. అది 3.3 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి అంతకంటే ఒక వోల్టు పైనే ఎక్కువ కావాలి. లిథియం సెల్లు నిండుగా ఉన్నప్పుడే 4.2. అంటే మొదటి రోజు నుంచీ చిప్‌కు చాలీచాలని వోల్టేజీయే అందుతోంది. సెల్లు 3.8కి వచ్చేసరికి చిప్‌కు 2.8 దాకానే మిగులుతుంది. వైఫై మొదలైన క్షణంలో కరెంటు ఒక్కసారిగా వందల మిల్లీఆంపియర్లకు ఎగబాకుతుంది, ఆ వోల్టేజీ ఇంకా కుంగుతుంది, చిప్ మళ్లీ మొదటికి వస్తుంది. అలా లేచి పడుతూ ఉంటుంది. మీ సెల్లులో సగం శక్తి అలాగే ఉంది, అది వాడుకోవడానికి దారి లేదు, అంతే.

మిగతా సగం ఏమైంది? లెక్క వేద్దాం. ఆ రెగ్యులేటర్ ఏ పనీ చేయకుండానే 5 మిల్లీఆంపియర్ల దాకా తాగుతుంది. ఎర్రగా వెలిగే పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్ కలిపితే 8 అనుకుందాం. ఈఎస్‌పీ32 చిప్ ఒక్కటే గాఢ నిద్రలో తీసుకునేది 10 మైక్రోఆంపియర్లు. అంటే యజమాని నిద్రపోతుంటే ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. 8ని 24 గంటలతో గుణిస్తే రోజుకు 192 ఎంఏహెచ్. లేచి పనిచేసినప్పుడు వైఫైకి 5 సెకన్లు సగటున 100 మిల్లీఆంపియర్లు, తెర మార్చడానికి 4 సెకన్లు 45 మిల్లీఆంపియర్లు వేసుకోండి. ఒకసారికి 0.19 ఎంఏహెచ్, రోజుకు 144 సార్లకు 27. పనిచేసినందుకు 27, నిద్రపోయినందుకు 192. మొత్తం 219, ఆరు రోజులకు 1314. మీ 2600లో దాదాపు సగం. ఆరు రోజులన్న మీ మాట, 3.8 వోల్టులన్న మీ కొలత ఈ లెక్కతో అంత చక్కగా కలిసిపోయాయంటే మీరు జాగ్రత్తగా కొలిచే మనిషి అన్నమాట. ఆ అలవాటు వదలవద్దు.

ఈ-పేపరుకు కరెంటు అక్కరలేదని అందరూ చెప్పే మాట తెర వరకు నిజం. దాన్ని నడిపే బోర్డుకు ఆ మాట వర్తించదు. తక్కువ కరెంటు పరికరం కట్టేటప్పుడు నేను మొదట చూసేది నిద్రలో పోయే కరెంటునే.

దాన్ని కొలవడం మల్టీమీటర్‌తో కొంచెం చిక్కు. మైక్రోఆంపియర్ల స్థాయిలో పెడితే, బోర్డు మేలుకున్న క్షణంలో మీటర్ లోపలి నిరోధం దగ్గరే వోల్టేజీ పడిపోయి బోర్డు ఆగుతుంది. నేను చేసే పద్ధతి చెబుతాను, ఖర్చు పదుల రూపాయల్లోనే. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి బోర్డు 3.3 వోల్టుల సరఫరాకు సమాంతరంగా కలపండి. పది నిమిషాలు అలాగే ఉంచండి, కొత్త కెపాసిటర్ లోపల కారే కరెంటు ఆ సమయానికి తగ్గుతుంది. మీటర్‌ను వోల్టేజీలో పెట్టి కెపాసిటర్ మీదే ఉంచండి. బోర్డు నిద్రలోకి వెళ్లాక సరఫరా తీగ పీకేసి, 3.3 నుంచి 3.2కు దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 15 మైక్రోఆంపియర్లు తాగే బోర్డయితే 31 సెకన్లు పడుతుంది. మీ ఇప్పటి బోర్డయితే మీరు రెప్ప వేసేలోపే దిగిపోతుంది. కరెంటు కావాలంటే కెపాసిటర్ విలువను 0.1తో గుణించి సెకన్లతో భాగించండి. నా దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ఈ పరీక్ష చేయించిన రోజున, తక్కువ కరెంటు అంటే ఏమిటో వాళ్లకు కళ్లకు కట్టినట్టు అర్థమవుతుంది.

ఇప్పుడు మార్చవలసినవి. ఆ బోర్డు ఇంట్లో ప్రయోగాలకు ఉంచుకోండి. గట్టు మీదకు రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్ లేని ఒట్టి ఈఎస్‌పీ32 మాడ్యూల్‌ను చిన్న అడాప్టర్ ప్లేటు మీద అతికించి వాడండి. ప్రోగ్రాము ఎక్కించడానికి విడిగా యూఎస్‌బీ సీరియల్ ముక్క ఉంటే చాలు. సెల్లుగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తీసుకోండి, 18650 సైజులోనే 1500 ఎంఏహెచ్ దొరుకుతాయి. ఇది 3.2 వోల్టుల సెల్లు, ఈఎస్‌పీ32కు 3.0 నుంచి 3.6 కావాలి కాబట్టి మధ్యలో రెగ్యులేటరే అవసరం లేదు. ఇంట్లో దానికి తగిన ఛార్జర్‌తోనే నింపండి. 3.65 వోల్టుల దగ్గర ఛార్జి ఆగాక ఒక పూట పక్కన పెడితే 3.4 లోపుకు దిగుతుంది, అప్పుడు బిగించండి. మామూలు లిథియం సెల్లు కంటే వేడికి ఇది బాగా ఓర్చుకుంటుంది, మన ఎండలకు అది పెద్ద ఊరట. ఒక సంగతి గుర్తుంచుకోండి. దీని వోల్టేజీ చాలా కాలం 3.2 దగ్గర కదలకుండా ఉండి, చివర్లో గబగబా పడుతుంది. ఎంత మిగిలిందో శాతాల్లో చూపించాలని ప్రయత్నించకండి, 3.1 కిందికి దిగగానే హెచ్చరిక, 3.0 దగ్గర చివరి తెర. వోల్టేజీ చదవడానికి రెండు 1 మెగాఓమ్ నిరోధకాలు ఒకదాని తర్వాత ఒకటిగా, కింది దానికి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. అక్కడ కారేది 1.6 మైక్రోఆంపియర్లే. సరఫరా మీద 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి తప్పనిసరి, రేడియో లేచినప్పుడు సెల్లుకు అదే ఊతం.

వైఫైలో ప్రతిసారీ రౌటర్‌ను పలకరించి, పాస్‌వర్డు చెప్పి, చిరునామా తీసుకోవడానికే సెకన్లు పోతున్నాయి. ఈ రెండు పెట్టెలూ ఈఎస్‌పీ32లే కనుక ఈఎస్‌పీ-నౌ అనే పద్ధతిలో నేరుగా మాట్లాడుకోనివ్వండి, రౌటర్ ప్రమేయం ఉండదు. ప్యానెల్ దగ్గరి పెట్టెకు లైను కరెంటు ఉంది కాబట్టి అది ఎప్పుడూ వింటూ ఉంటుంది. తెర లేచి అడుగుతుంది, జవాబు అందుకుంటుంది, సెకనులో మూడో వంతులో పని అయిపోతుంది. గుడిసెకూ ప్యానెల్‌కూ మధ్య దూరం కిలోమీటరు ఉంటే 865 నుంచి 867 మెగాహెర్ట్‌జ్ మధ్య లోరా అనే దూరం వెళ్లే రేడియో పద్ధతి వాడుకోవచ్చు, మన దేశంలో ఆ పట్టీకి లైసెన్సు అక్కరలేదు. మీరు చెప్పిన దూరానికి అంత అవసరం రాదు.

తెర మారే ఆ కొన్ని సెకన్లూ చిప్ మేలుకుని ఎదురుచూడనక్కరలేదు. తెర బోర్డు మీద బిజీ అనే పిన్ను ఉంటుంది. గీయమని చెప్పి తేలిక నిద్రలోకి పంపండి, ఆ పిన్ను మారగానే లేస్తుంది. లేచాక తెరను కూడా నిద్రపుచ్చే ఆజ్ఞ ఇవ్వడం మరచిపోకూడదు, ఈ-పేపరును నడిపే జీఎక్స్‌ఈపీడీ2 లైబ్రరీలో దానికి హైబర్నేట్ అనే పిలుపు ఉంది. అది ఇవ్వకపోతే ఆ 15 వోల్టులు తెర మీదే నిలిచి కరెంటూ పోతుంది, కాలక్రమంలో తెరా పాడవుతుంది. ఇలా చేస్తే రోజుకు మొత్తం ఖర్చు 3 ఎంఏహెచ్ లోపు. 1500లో 1200 వాడుకుంటామనుకున్నా 400 రోజులు. వనామీ పంట నాలుగు నెలలే కదా.

ఈ-పేపరే వాడాలా అని కూడా ఒకసారి ఆలోచించండి. నా కాటాల్లో ఉండే అంకెల ఎల్‌సీడీ రోజంతా కొద్దిగా కరెంటు తీసుకుంటుంది, కానీ కరెంటు పోతే ఖాళీ అయిపోతుంది. ఖాళీ తెరను చూసి ఎవరూ మోసపోరు. ఎల్‌సీడీని నడిపే హెచ్‌టీ1621 చిప్ ఉన్న ఆరంకెల తెరలు రెడీగా దొరుకుతాయి. దీనిని సొంతంగా నడపాలనుకుంటే ఒక జాగ్రత్త: ఎల్‌సీడీ గాజుకు ఒకే దిశలో వోల్టేజీ ఇవ్వకూడదు, సెకనుకు పదుల సార్లు దిశ మారుస్తూ ఉండాలి, లేకపోతే లోపలి ద్రవం చెడుతుంది. అంకెల్లో గీతలు మాయమైతే చాలాసార్లు గాజుకూ బోర్డుకూ మధ్య ఉండే జీబ్రా స్ట్రిప్ అనే రబ్బరు పట్టీ మీద చేరిన ఉప్పే కారణం, స్పిరిట్‌తో తుడిస్తే తిరిగి వస్తాయి. కోస్తా నుంచి నా బల్ల మీదకు వచ్చే కాటాల్లో దీనికి మించిన జబ్బు లేదు. షార్ప్ వారి మెమరీ ఎల్‌సీడీ మూడో దారి. 2.7 అంగుళాల దానిలో 400 బై 240 చుక్కలు, బొమ్మ నిలబెట్టడానికి 50 మైక్రోవాట్ల స్థాయి చాలు, ఎండలో అద్దంలా కనిపిస్తుంది. ధర ఎక్కువ, 5 వోల్టులు కూడా కావాలి. మీ అవసరానికి నాకు నచ్చేది అంకెల ఎల్‌సీడీయే. కానీ తెలుగులో రాసిన మాటలు కనిపించాలని మీరు కోరారు, ఈ-పేపరు ఇప్పటికే కొన్నారు, కనుక దానితోనే ముందుకు వెళ్లండి, పైన చెప్పిన కట్టుబాట్లతో.

తెలుగు మాటల గురించి అడిగారు. ఈ చిన్న చిప్‌ల లైబ్రరీలకు గుణింతాలు, ఒత్తులు పేర్చడం రాదు, “ఉష్ణోగ్రత” రాయమంటే ముక్కలు ముక్కలుగా వేస్తాయి. చిప్‌తో కుస్తీ పట్టకండి. కావలసిన పది పదిహేను మాటలను కంప్యూటర్‌లోనే నలుపు తెలుపు బొమ్మలుగా తయారు చేసి చిప్‌లో పెట్టండి, మారేవి అంకెలే కదా. పైథాన్‌లో బొమ్మలు చేసే పిల్లో లైబ్రరీ వాడితే దానికి అక్షరాలు పేర్చే రాక్మ్ తోడుగా ఉండాలి, అప్పుడే ఒత్తులు సరిగ్గా కుదురుతాయి. 400 బై 300 చుక్కల పూర్తి తెర బొమ్మే 15,000 బైట్లు, చోటుకు కొరత లేదు. సన్నని ఖతులు (ఫాంట్లు) ఈ తెర మీద గీతలు తెగి కనిపిస్తాయి. రామభద్ర లాంటి లావు ఖతి మీ నాన్నగారికి కళ్లద్దాలు లేకుండా కూడా కనిపిస్తుంది.

చివరగా పెట్టె. ఈ తెరలు చాలా వరకు 50 డిగ్రీల దాకానే పనికొస్తాయి. మేలో ఒంగోలు ఎండకు మూసి ఉన్న పెట్టె లోపల అంతకు మించి కాగుతుంది, పైగా నేరుగా పడే ఎండకు తెర క్రమంగా పాడవుతుంది. ఎల్‌సీడీ వేడికి నల్లబడినా చల్లబడ్డాక మామూలవుతుంది, ఈ-పేపరుకు ఆ భరోసా లేదు. గుడిసె లోపలి గోడకు, ఉత్తరం వైపు, పైకప్పు రేకుకు జానెడు దూరంగా బిగించండి. తెర నుంచి వచ్చే పసుపు రిబ్బను తీగను ఒక్కసారి అమర్చాక మళ్లీ మళ్లీ వంచకండి, గాజు అంచున అది తెగితే అతకడం కుదరదు. బోర్డు మొత్తానికి పారదర్శకమైన రక్షణ లక్క పూత వేయండి, కనెక్టర్ల నోళ్లకు మాత్రం అంటకుండా. పెట్టెలో సిలికా జెల్ పొట్లం, రంగు మారేది అయితే మంచిది, గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. తీగలు వచ్చే కన్నాలను రబ్బరు గ్లాండ్లతో బిగించండి. ఉప్పు గాలి కంటే ముందు చీమలు, బల్లులు దూరతాయి.

రంగుల మీద మనసు పడి ఎరుపు కూడా ఉన్న మూడు రంగుల తెర కొందామా అని చివర్లో అడిగారు. వద్దు. అది ఒకసారి మారడానికి 15 సెకన్ల పైనే తీసుకుంటుంది, అంతసేపూ మిణుకుతుంది.

ముందు ఇప్పటి బోర్డుతోనే కెపాసిటర్ పరీక్ష చేయండి, ఆ తర్వాత ఒట్టి మాడ్యూల్‌తో చేయండి. రెండింటికీ ఎన్ని సెకన్లు వచ్చాయో ఇక్కడ రాస్తే, ఎక్కడైనా కరెంటు కారుతోందేమో కలిసి చూద్దాం. అంతకంటే ముందు, ఈ రాత్రికే, తెర మీద సమయం కనిపించేలా ప్రోగ్రాము మార్చండి. అది కుదరకపోతే, మార్చేవరకు తెర మీద ఒక గుడ్డ కప్పి ఉంచండి.